కుక్కలకును కులమేనా?

పుట్టుకనుబట్టి మనుష్యుని యోగ్యతను నిర్ణయింపరాదని నేడు మనలో చదువుకొన్నవారందఱును ఒప్పుకొందురు. ఆచరణమెట్లున్నను మాటకైన నెదురాడువారు లేరు. సభలలో ఈ ధర్మమును బోధింతుము, పత్రికలలో వ్రాయుదుము, బడులలో పిల్లలచేత వల్లెవేయింతుము. ఇంత చేసియు, ఇంట నొక కుక్కను పెంచుకొనవలెనను కోరిక పుట్టగానే మన నోట వెలువడు మొదటి ప్రశ్న యేది? దాని యారోగ్యమెట్లున్నదని కాదు, స్వభావమెట్టిదని కాదు, పసిపిల్లలయెడ నెట్లు మెలగునని కాదు. “అది యే జాతి?” అని. వీధివాకిటినుండి వెడలగొట్టితిమని మనము సంతోషించుచున్న యొక దురభిప్రాయము పెరటిదారిని మరల ఇంటిలో ప్రవేశించినదని మా యనుమానము. ఆ యనుమానమును విమర్శించి చూచుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదటనే యొక మాట చెప్పవలెను. కుక్కల జాతిభేదమును మనుష్యుల కులభేదమును ఒకటేయని మేము వాదింపబోము. తరతరములుగా మనుష్యులు పడిన యవమానముల ముందఱ అట్టి పోలిక చులకన మాటయగును. అంతేకాక, కుక్కలలో జాతియనునది కేవలము కల్పన కాదు. ఎత్తు, బరువు, బొచ్చు, ముఖాకారము జాతిని బట్టియే వచ్చును. మా చర్చ, ఆ మాటలోని నిజమెంతదూరము పోవును, భ్రమ యెక్కడ మొదలగును అనునంతవఱకే.

కొన్ని నెలల క్రిందట మేమొక పట్టణములోని జంతుశరణాలయమునకు పోయి యొక పూట గడపితిమి. రేకుల కప్పు క్రింద ఇనుపజాలి గదులు వరుసగా నుండెను. వానిలో నున్నవి చాలవఱకు నాటుకుక్కలే: బండిక్రిందబడి కాలు విఱిగి వచ్చినవి, తల్లి చనిపోగా మురుగుకాలువ గట్టున దొరికినవి, గజ్జి మాని క్రొత్తబొచ్చు మొలచుచున్నవి. ఒక గదిలో గోధుమవన్నె ఆడుకుక్క యొకటి, యేడాదిన్నర యీడుది, ఒక చెవి మడతపడినది, జాలికి ముక్కు ఆనించి కూర్చుండెను. అంతలో భార్యాభర్తలును పదేండ్ల బాలికయు వచ్చిరి. బాలిక తిన్నగా ఆ గోధుమవన్నె కుక్కయొద్దకు పోయి చతికిలబడి, “దీని పేరేంటి?” అని యడిగినది. కుక్క ఆమె వ్రేళ్లను నాకుచుండెను. తండ్రి యా మాట వినలేదు. ఆయన శరణాలయము చూచుకొను నామెతో, “అమ్మా, ల్యాబ్రడార్ పిల్లలేమైనా ఉన్నాయా?” అని యడిగెను. “లేవండీ. జాతివి చివర రెండున్నాయి గానీ అవి పెద్దవి, వైద్యం జరుగుతోంది. మిగతావన్నీ మన నాటుకుక్కలేనండీ. టీకాలు వేయించాం, ఆపరేషన్లూ అయిపోయాయి,” అని యామె చెప్పెను. “నాటువా? అవి మా వీధినిండా ఉన్నాయి కదమ్మా! వాటికోసం ఇంతదూరం రావడమెందుకు?” అని యాయన నవ్వి, కూతురి చేయి పట్టుకొని తీసికొనిపోయెను.

ఆయన మాటలో క్రౌర్యము లేదు. లోకమంతయు నడుగు ప్రశ్ననే యాయనయు నడిగెను. ఆ పూట దానికి మాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి యాలోచింపగా తోచినది యిది.

ఆ వరుస చివరనున్న రెండు గదుల సంగతి ముందుగా చెప్పెదము. ఒకదానిలో హస్కీ యుండెను. మంచునేలలపై బండిలాగుటకు మనుష్యుడు పెంచిన కుక్క యది. రెండు పొరల దట్టమైన బొచ్చుతో, మన యెండలో, గచ్చునేలకు పొట్ట యానించి వగర్చుచుండెను. రెండవదానిలో పగ్. దాని వైద్యమునకగు ఖర్చు భరింపలేక యజమానులు విడిచిపోయిరట. ఈ రెంటిని యింటికి రప్పించినది జాతి. ఆ యింటినుండి పంపివేసినదియు జాతియే. ఆకారమును చూచి కొన్నవారు ఆ యాకారముతో వచ్చు కష్టమును చూడలేదు.

ఈ పాపములో మాకును పాలు కలదు. 2003లో ఒక టెలిఫోను సంస్థవారి ప్రకటనలో చిన్నబాలుని వెంటబడి పోవు పగ్ కుక్క దేశమంతటను కనబడెను. అప్పటినుండి మన పట్టణములలో ఆ కుక్కకు గిరాకి పుట్టెను. మూడేండ్లకు మేమును వేలరూపాయలు పోసి యొకదానిని కొంటిమి. అది నిద్రలో గుఱ్ఱుపెట్టుట చూచి ముద్దుగా నున్నదని నవ్వితిమి. అది ముద్దు కాదు, ఊపిరియాడని బాధ యని పశువైద్యుడు చెప్పువఱకు మాకు తెలియదు. కుక్క నోరు తెఱచి వగర్చుటచేతనే వేడిని పోగొట్టుకొనును. ముక్కును ముఖమును నొక్కివేసిన జాతులకు ఆ సాధనమే కుంటుపడినది. ఏడవయేట, ఒక వేసవి మధ్యాహ్నము కరెంటు పోయిన రెండుగంటలలో అది వడదెబ్బచే చనిపోయెను. ఆ యేడేండ్లును మా మెట్లక్రింద ఒక నల్లని ఊరకుక్క పండుకొనుచుండెడిది. ఇంట మిగిలిన యన్నమే దాని జీతము. రాత్రివేళ క్రొత్తమనుష్యుడు వచ్చినచో మొఱిగి మమ్ము లేపినది అదియే. లోపలిదానికి వంశపత్రముండెను, బయటిదానికి మేము పేరైనను పెట్టలేదు. ఇందుకు మఱియొకరిని నిందింప మాకు నోరు రాదు.

జాతులు అనాదిసిద్ధములని మనలో పలువురి నమ్మకము. చరిత్ర అట్లు చెప్పదు. కుక్కలను వరుసగా నిలిపి అందమునకు బహుమతులిచ్చు ప్రదర్శనము ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున 1859లో జరిగెను. లండనులో కెన్నెల్ క్లబ్బు 1873లో స్థాపింపబడెను. వంశావళులను పుస్తకమున కెక్కించుట, ఒక్కొక్క జాతికి చెవి యిట్లుండవలెను తోక యట్లుండవలెనని లక్షణములు వ్రాయుట, ఆ లక్షణములుగల కుక్కలను వానిలో వానికే జతపఱచుట, ఇవన్నియు ఆ కాలమున స్థిరపడిన యాచారములు. నేడు మనము ప్రాచీనములని తలచు జాతులలో పెక్కింటి ప్రస్తుతరూపము విక్టోరియా రాణి నాటిది. అంతకుముందు కుక్కకు పేరు పనినిబట్టి వచ్చెడిది: గొఱ్ఱెలను కాచునది, వేటాడునది, వాకిలి కావలియుండునది. మన భాషలో జాగిలమనగా వేటకుక్క. ఆ పేరు పనిని చెప్పును గాని రక్తమును చెప్పదు.

పని పోయి ప్రదర్శనము వచ్చిన తరువాత కంటికింపైనదే గుణమయ్యెను. పొట్టిముక్కు కావలెనన్నచో మఱింత పొట్టిముక్కు. పెద్దతల కావలెనన్నచో మఱింత పెద్దతల. బుల్‌డాగ్ అను జాతిలో నేడు చాల కుక్కలు శస్త్రచికిత్స లేనిదే ప్రసవింపలేవు. దగ్గఱి సంబంధములు తరతరములు సాగినచో లోపములు పేరుకొనునని మన పల్లెలలో ఆవులు మేపువారికిని తెలియును. 2008లో బి.బి.సి. వారు ఈ జాతికుక్కల రోగములనుగూర్చి యొక చిత్రమును ప్రసారము చేయగా ఇంగ్లండులో పెద్ద సంచలనము పుట్టెను. మఱుసటియేడు ఆ సంస్థ క్రఫ్ట్స్ అను ప్రసిద్ధ శునకప్రదర్శనమును ప్రసారము చేయుట మానివేసెను. కెన్నెల్ క్లబ్బువారు తమ లక్షణశాస్త్రమును కొంత సవరించుకొనిరి. తాము పుట్టించిన దేశముననే ఇంతటి పునర్విచారము జరుగగా, మనము మాత్రము వారు విడువజూచుచున్న మోజును క్రొత్తగా నెత్తికెత్తుకొనుచున్నాము.

ఇక గుణము మాట. జాతికుక్కను కోరువారు అందమునకై కోరుచున్నామని చెప్పరు, గుణమునకై కోరుచున్నామందురు. ల్యాబ్రడార్ సాధువు, జర్మన్ షెపర్డ్ శూరము, నాటుకుక్క మొఱటు అని వారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతమునకు మనలో నొక పాతపద్యమును తోడుపడుచున్నది. శునకమును బంగారు గద్దెపై కూర్చుండబెట్టినను దాని తొంటిగుణము మానదను భావముగల సుమతీశతక పద్యమును మనమందఱము బాల్యమున కంఠస్థము చేసినవారమే. ఆ శతకకర్త కుక్కను నిందింపదలచెనని మేము చెప్పము. నీచునకు పెద్దపదవి యిచ్చినను మాఱడని చెప్పుటకు కుక్కను ఉపమానముగా తెచ్చెను. కాని యుపమానములో దాగిన నమ్మకమే యిక్కడ విచారింపదగినది: గుణము పుట్టుకతో వచ్చును, స్థానము మాఱినను అది మాఱదు అని. విచిత్రమేమనగా, నాటుకుక్కను తక్కువ చేయుటకు పనికివచ్చిన యా సిద్ధాంతమే నేడు జాతికుక్కకు ధర పెంచుటకును పనికివచ్చుచున్నది. పుట్టుకయే గుణమైనప్పుడు మంచిపుట్టుకకు మంచివెల పలుకవలసినదే గదా!

ఆ నమ్మకము నిజమేనా? అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు 18,000 పైగా కుక్కల నడవడినిగూర్చి యజమానులను ప్రశ్నించి, వానిలో 2,000 పైగా కుక్కల జన్యువులను పరీక్షించి, 2022లో సైన్స్ పత్రికయందు ఫలితములు ప్రకటించిరి. ఒక కుక్కకును మఱియొక కుక్కకును నడవడిలో గల భేదమున జాతివలన తెలియవచ్చునది సుమారు 9 శాతము మాత్రమేయని వారు తేల్చిరి. మనుష్యుని యాజ్ఞకు లొంగుట మొదలగు కొన్ని గుణములలో జాతిప్రభావము కొంత హెచ్చు. ఎంత సులువుగా రేగి మీదికి వచ్చునను విషయములో జాతి దాదాపుగా ఏమియు తెలుపలేదు. వంశమునుండి గుణములు సంక్రమింపవని దీని యర్థము కాదు. తల్లిదండ్రుల స్వభావము పిల్లలకు కొంత వచ్చును. కాని ల్యాబ్రడార్ అను పేరు విన్నంతమాత్రమున మన యెదుటనున్న యా యొక్క కుక్క యెట్టిదో చెప్పజాలము. ఆ జాతిలో గలగల తిరుగునవియు కలవు, మూలకు నక్కునవియు కలవు, ఊరకుక్కలలోను అంతే.

పేరు చేయు కీడు దూరదేశములలో మఱింత స్పష్టముగా కొలువబడినది. అమెరికాలో పిట్‌బుల్ అను పేరు భయమును పుట్టించు పేరు. అక్కడి శరణాలయములలో ఆ పేరు తగిలించిన కుక్కలును, చూపునకు అట్లేయుండి వేఱు పేరు తగిలించిన కుక్కలును ఎంతకాలము వేచియున్నవో పోల్చి 2016లో ఒక పరిశోధనము వెలువడెను. పిట్‌బుల్ అను పేరుగలవి మూడింతలకు పైగా కాలము గదులలో పడియుండెను. జాతిపేరు వ్రాయుట మానివేసిన శరణాలయములో వానికి ఇండ్లు దొరకుట హెచ్చెను. కుక్క అదియే, మాఱినది పలక మాత్రమే. ఆ పలకయైన సత్యమా? 2018లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనములో రెండు శరణాలయములలోని సుమారు 900 కుక్కల జన్యువులను పరీక్షింపగా శుద్ధజాతివి నూటికి అయిదు మాత్రమే. తక్కినవి పలుజాతుల కలయిక. అనుభవజ్ఞులైన సేవకులు కంటితో చూచి, ఆ కలయికలో ఒకటికి మించిన జాతులను సరిగా గుర్తింపగలిగినది పదింట ఒకమాఱే. కంటికి కనబడని రక్తమునకు కల్పించిన పేరు ఒక జీవి భాగ్యమును నిర్ణయించుచున్నది.

ప్రభుత్వములును ఈ పొరపాటునకు అతీతములు కావు. బ్రిటనులో 1991 నాటి చట్టము నాలుగు జాతులను అపాయకరములని నిషేధించెను. 2023 చివర దానికి అయిదవది చేర్పబడెను. ఈ నడుమ దశాబ్దములలో ఇంగ్లండునందు కుక్కకాటుచే ఆసుపత్రులలో చేరువారి సంఖ్య తగ్గకపోగా పెరిగెను. మన కేంద్రప్రభుత్వపు పశుసంవర్ధక శాఖవారు 2024 మార్చి 12న ఇరువదిమూడు జాతుల పేర్లు వ్రాసి, వాని దిగుమతిని, సంతానోత్పత్తిని, అమ్మకమును ఆపవలెనని రాష్ట్రములకు ఉత్తరువు పంపిరి. మఱుసటినెలలోనే కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసెను. కాటువేయు కుక్కనుండి ప్రజలను రక్షింపవలదని మేమనము. కాని గొలుసున కట్టి, కొట్టి, ఆకలి పెట్టి, రేపి పెంచినవాని నేరమును జాతిపేరుమీదికి నెట్టుట నేరస్థుని విడిచి వాని గోత్రమును శిక్షించుట వంటిది.

ఈ విషయమున మన పూర్వకవులు మనకంటె సూక్ష్మముగా చూచిరని మాకు తోచును. ఆంధ్రమహాభారతపు ఆదిపర్వమున నన్నయభట్టు చెప్పిన తొలికథలలో నొకటి కుక్కపిల్ల కథ. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా దేవశునియైన సరమ కుమారుడు అచటికి వచ్చెను. రాజుతమ్ములు వానిని కొట్టిరి. సరమ రాజునొద్దకు వచ్చి న్యాయమడిగెను. సంస్కృత మూలములో ఆమె వాదము మిక్కిలి సూటియైనది: నా బిడ్డ హవిస్సును చూడలేదు, నాకలేదు, ఏ తప్పునకు కొట్టిరి? దీనికి సమాధానము లేదు. ఎందుకనగా వాడు చేసినదానికి దెబ్బలు పడలేదు, పుట్టినదానికి పడెను. కుక్క గనుక అపవిత్రము చేయునని ముందే తీర్పు చెప్పి, తరువాత విచారణమైనను చేయలేదు. అవివేకముతో దుర్బలులకు కీడు చేసినవారికి అనుకొనని భయములు వచ్చునని సరమ హెచ్చరించిపోగా, అంతటి చక్రవర్తి భయపడి శాంతికై పురోహితుని వెదకికొనెను. ఇంత గొప్ప యితిహాసము వాకిటిలో కుక్క యడిగిన న్యాయము నిలుచుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము.

ఆ భారతమే ముగియుచోటను మరల కుక్క కలదు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట చివరవఱకు నడచిన కుక్క కథను తిక్కన సోమయాజి తెలుగున చెప్పెను. కుక్కను విడిచి రథమెక్కుమని యింద్రుడనగా ధర్మరాజు నిరాకరించెను. మన పౌరాణికులు ఈ ఘట్టమును చెప్పునప్పుడు, ఆ కుక్క సాక్షాత్తు యమధర్మరాజని త్వరపడి చెప్పివేయుదురు. అది దేవత గనుక ఆదరింపదగినది అనునట్లు వినువారికి తోచును. మా యభిప్రాయమున ఇది కథను తలక్రిందులు చేయుట. ధర్మరాజునకు ఆ సంగతి తెలియదు. అది దారినబడి వచ్చిన కుక్క. నమ్మి వెంట వచ్చినది. అంతమాత్రమే యాతనికి తెలియును. వంశము తెలిసి యుండి నిలిచియున్నచో ఆతని పరీక్షలో విశేషమేమున్నది? వంశపత్రము చూడక నిలుచుటయే ధర్మము.

జాతిమోజు విదేశీవ్యామోహమని యెంచి, దానికి మందుగా స్వదేశజాతులను పెంచుడని కొందఱు చెప్పుచున్నారు. 2005లో మన తపాలాశాఖ ముధోల్, రాజపాళయము, రాంపూర్ జాగిలములకును హిమాలయపు గొఱ్ఱెలకాపు కుక్కకును బిళ్లలు వెలువరించెను. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దేశవాళి జాతులను పెంచుడని ప్రజలను కోరిరి. తెలుగు మాటలాడు రాజులు తరతరముల క్రిందట స్థిరపడిన రాజపాళయపు పట్టణమును చూచిన వారికి, అచటివారు తమ తెల్లని జాగిలమునుగూర్చి చెప్పుకొను గర్వమును తెలియును. ఆ జాతులు నశింపరాదనుట యుక్తమే. కాని విదేశపు వంశపత్రమునకు బదులు స్వదేశపు వంశపత్రము కోరినంతమాత్రమున మన దృష్టి మాఱినట్లు కాదు. అదే తెల్లదనమునకై దగ్గఱి సంబంధములు కలుపగా రాజపాళయపు కుక్కలలో చెవుడు వచ్చుట ప్రసిద్ధము. దేశము మాఱినను దోషము మాఱలేదు. మన దేశమున అన్నిటికంటె దేశవాళియైనది ఏ జాతి పుస్తకమునను పేరు లేని ఊరకుక్కయే. ఎవరును ఏర్చి జతపఱుపలేదు గనుక బలహీనములు పోయి బలమైనవి మిగిలినవి. ఈ యెండకు, ఈ వానకు, ఈ తిండికి తగిన దేహము దానిది.

ఇక నెదుటిపక్షము మాట. “కావ్యములు చెప్పవచ్చును, వీధికుక్క కఱచినచో నెవరు దిక్కు?” అని యడుగువారున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని కుక్కల గుంపు చంపివేసినది. ఆ తల్లిదండ్రుల ముందఱ జీవకారుణ్యముపై ఉపన్యసింప నెవనికిని నోరాడదు. రేబిస్ వలన మనుష్యులు చచ్చుట నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కకాటుచేతనే. కావున వీధులలో కుక్కలు గుంపులుగట్టి తిరుగుట మంచిదని మేము చెప్పము. అట్లు చెప్పు జంతుప్రియులతో మాకు పొత్తు లేదు. దత్తతవలన వీధులన్నియు ఖాళీయగుననియు చెప్పము. దానికి వేఱు సాధనములు కావలెను: సంతాననిరోధ శస్త్రచికిత్స, టీకా, చెత్తకుప్పల నిర్మూలనము. 2023 నాటి కేంద్రనియమములు మొదటి రెంటిని స్థానిక సంస్థల విధిగా చేసినవి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కుక్కలనుగూర్చి తన మునుపటి యాజ్ఞను సవరించుచు, కోరిన పౌరులు నగరపాలక సంస్థద్వారా వీధికుక్కలను దత్తత గైకొనవచ్చుననియు, అట్లు గైకొన్నదానిని మరల వీధిపాలు చేయరాదనియు చెప్పెను. ఆ నెలలోనే హైదరాబాదు నగరపాలక సంస్థవారు నాటుకుక్కపిల్లల దత్తతకై మేళా జరిపిరి. శరణాలయమునుండి వచ్చు కుక్క వీధిని తిరుగు కుక్క కాదు. టీకా పొందినది, శస్త్రచికిత్స జరిగినది, కొన్ని నెలలు ఒకరి కంటిముందు మెలగినది. అంగడిలో నలువది దినముల పిల్లను కొనువాని కంటె దానిని తెచ్చుకొనువానికే ఎక్కువ తెలిసియుండును.

నలువది దినములంటిమి. రెండు నెలలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్రనియమములు చెప్పుచున్నవి. కుక్కలను ఈనించి యమ్మువారు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెననియు అవియే చెప్పుచున్నవి. కొనువారిలో నెందఱు అట్టి పత్రము నడిగిరి? వంశపత్రమును అడుగువారు ధర్మపత్రమును అడుగరు. తల్లికుక్క యెక్కడనున్నది, ఎన్నిమాఱులు ఈనినది, ఇక ఈనలేనినాడు దాని గతి యేమగును అని విచారించినవారు మఱియు నరుదు. కొనుగోలుదారుడు కన్నులు మూసికొన్నంతకాలము ఆ వ్యాపారము కన్నులు తెఱువదు.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, శరణాలయములవారిలోను దోషములున్నవి. కొందఱు జనుల మోజును కనిపెట్టి, గోధుమవన్నె నాటుకుక్కకు ‘ల్యాబ్రడార్ మిశ్రమము’ అను పలక కట్టుదురు. కుక్కకు ఇల్లు దొరకునను సదుద్దేశమే కావచ్చును. కాని తాము పోగొట్టవలసిన భ్రమనే తాము పోషించుచున్నారు. మఱికొందఱు వచ్చినవారి కన్నీటిని లాగి, కుక్క గుణదోషములు చెప్పక అంటగట్టి పంపుదురు. జాలిచేత వచ్చిన కుక్క విసుగుచేత మరల పోవును. పిఱికిదైన పిఱికిదని, పిల్లలను సహింపనిదైన సహింపదని చెప్పుటయే నిజమైన కారుణ్యము.

అట్లయిన ఎట్లు ఎన్నుకొనవలెను? మా యనుభవమునుబట్టి కొన్ని మాటలు చెప్పుదుము. కాపలాదారుల శిక్షణకో, గొఱ్ఱెలమందకో, పోలీసు పనికో కుక్క కావలసినవారు జాతిని చూచుట తగును. వారికి పని కలదు. పని లేని గృహస్థుడు చూడవలసినది వేఱు. ఇంటికి తగిన పరిమాణమా? మన వాతావరణమునకు తగిన బొచ్చా? ఆహారపు గిన్నె దగ్గఱకు మనుష్యుడు వచ్చినచో గుఱ్ఱుమనునా? పిల్లల కేకలకు బెదరునా? ఇతర కుక్కలతో నెట్లుండును? దినమునకు రెండుమాఱులు దానిని నడిపించుటకు ఇంట నెవరికి తీరికయున్నది? ఈ ప్రశ్నలకు వంశపత్రము సమాధానము చెప్పదు. ప్రతిదినము దానికి అన్నము పెట్టినవారు చెప్పగలరు. ఒక్కమాఱు చూచి తెచ్చుకొనక, రెండుమూడుమాఱులు పోయి దానితో కొంతసేపు నడచి చూడవలెను. తెచ్చిన తరువాత మొదటి దినములలో అది మంచముక్రింద దాగినను, అన్నము ముట్టకున్నను తొందరపడరాదు. క్రొత్తకోడలికి ఇచ్చునంత గడువైనను దానికి ఈయవలెను.

ఈ పనికి మన భాషలో ‘దత్తత’ అను మాట వాడుకలోనికి వచ్చుట మాకు సంతోషము. ఆ మాటకు చరిత్ర కలదు. పూర్వపు దత్తకశాస్త్రములు బిడ్డను సజాతీయునినుండియే గైకొనవలెనని విధించెను. 1956 నాటి హిందూ దత్తత చట్టము ఆ నియమమును విడిచిపెట్టెను. మనుష్యశిశువునకే జాతినియమము వలదని చట్టము చెప్పి డెబ్బది యేండ్లు కావచ్చుచున్నది. కుక్కపిల్లకు మాత్రము దానిని మనము పట్టుకొని వ్రేలాడుట యెంతటి వింత!

“అవి మా వీధినిండా ఉన్నాయి కదమ్మా” అని యానాడు ఆ గృహస్థుడడిగెను. అయ్యా, వీధినిండ నున్నవి గనుకనే యింతదూరము రావలెను. మన వీధిలో వాని సంఖ్య పెరుగుట మన చెత్తకుప్పవలనను, మన యుపేక్షవలనను. అందొకటి టీకాయు శస్త్రచికిత్సయు పొంది మీ యింటికి వచ్చినచో, అది ఖాళీచేసిన గదిలో రేపు బండిక్రిందబడినది మఱియొకటి ప్రాణము నిలుపుకొనును. లోకము మాఱదు, రెండు ప్రాణులకు మాఱును. దానికి వెల వేలరూపాయలు కాదు, ఒక ప్రశ్నను మార్చుకొనుట. ఆ ప్రశ్నను తమ కూతురే యానాడు సరిగా నడిగినది. మీరు జాతి యేదని యడుగుచుండగా ఆమె పేరేమని యడిగినది. గతవారము మేము విచారింపగా ఆ గోధుమవన్నె కుక్క యింకను ఆ గదిలోనే యున్నదని తెలిసినది. దానికి శరణాలయమువారు ఒక సంఖ్య నిచ్చియున్నారు. పేరు ఇంకను పెట్టలేదు.